నోటి సూక్ష్మజీవులు - యోని రుగ్మతలు

తెల్లబట్ట అగుచున్నదని చెప్పుకొనుటకు సిగ్గుపడి, నెలల తరబడి బాధను దాచుకొను స్త్రీలు పెక్కుమంది కలరు. దుర్వాసన తమ అశుభ్రతవలననే కలిగినదని తలంచి, యోని లోపల సబ్బునీటితోను మందునీటితోను కడుగుకొనువారును కలరు. ఈ రెండును హానికరములే.

సహజ రక్షణ

ఆరోగ్యవతియైన స్త్రీ యోనియందు సాధారణముగా లాక్టోబాసిల్లస్ అను సూక్ష్మజీవులు నివసించును. పాలను తోడుకొనజేయు సూక్ష్మజీవులకు ఇవి దగ్గరి జాతివి. ఇవి లాక్టికామ్లమును పుట్టించి, ఆ పులుపుచేత హానికరములగు క్రిములను అదుపులో నుంచును. ఇవి తగ్గినప్పుడు గార్డ్‌నెరెల్లా మొదలగునవి ప్రబలును. దీనిని వైద్యులు బాక్టీరియల్ వాజినోసిస్ అందురు. పలుచని తెల్లని లేక బూడిదవన్నె స్రావము, చేపల వాసన దీని లక్షణములు. కొందరికి ఏ లక్షణమును కనబడకపోవచ్చును.

నోటితో సంబంధము

దంతములపై పేరుకొను పాచియందు ఫ్యూసోబాక్టీరియమ్ న్యూక్లియాటమ్ అను సూక్ష్మజీవి యుండును. చిగుళ్లవ్యాధియందు ఇది అధికమగును. ఈ జీవియే పై రుగ్మతగల స్త్రీల యోనియందును, నెలలు నిండకమునుపే ప్రసవించిన కొందరి ఉమ్మనీటియందును కనబడినది. 2020లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన దీని మర్మమును కొంత తెలిపినది. యోనిలోని జిగురుపొరయందు సియాలికామ్లమను ఒక విధమైన చక్కెర కలదు. గార్డ్‌నెరెల్లా వంటి క్రిములు దానిని పొరనుండి విడదీయగా, ఫ్యూసోబాక్టీరియమ్ ఆహారముగా గ్రహించి, తిరిగి ఆ క్రిముల వృద్ధికి తోడ్పడును.

ఈ జీవి నోటి స్పర్శతో కూడిన సంభోగమువలన యోనిని చేరవచ్చును. చిగుళ్లనుండి రక్తముద్వారా గర్భాశయమును చేరగలదని ఎలుకలపై జరిపిన ప్రయోగములు చూపినవి. అయినను ప్రతి రుగ్మతకును నోరే కారణమని తలంచరాదు.

చికిత్స

ఈ రుగ్మతకు మెట్రోనిడజోల్, క్లిండమైసిన్ అను మందులు కలవు. వైద్యుని సలహాపై పూర్తికాలము వాడవలెను. నిర్లక్ష్యము చేసినచో సుఖవ్యాధులు సోకు అవకాశము హెచ్చును. గర్భిణులకు నెలలు నిండని ప్రసవపు అపాయము కలదు.

గుర్తుంచుకొనవలసినవి

1. యోని లోపల కడుగరాదు. వెలుపల మంచినీటితో శుభ్రపరచిన చాలును.
2. పెరుగు మొదలగు గృహవైద్యములను లోపల ఉంచరాదు.
3. భార్యాభర్తలిరువురును దినమునకు రెండుసార్లు దంతధావనము చేయవలెను. చిగుళ్లనుండి రక్తము కారినచో దంతవైద్యునికి చూపవలెను.
4. గర్భిణులు దంతవైద్యమునకు వెనుదీయనక్కరలేదు. తాము గర్భవతులమని వైద్యునికి ముందుగా తెలుపవలెను.
5. వాసన, దురద, మంట, రంగుమారిన స్రావము కనబడినచో వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.

సిగ్గు వ్యాధిని దాచును గాని మాన్పదు.