పుట్టుకతో వచ్చిన పూస, మొన్న మొదలైన నొప్పి

నాకు 34 ఏళ్లు. రోజంతా కూర్చుని జీడిపప్పు ఏరుతాను. ఆరు నెలలుగా నడుం కుడిపక్క నొప్పి. ఎక్స్‌రేలో చివరి పూస కింది ఎముకకి అతుక్కుందనీ, పుట్టుకతో వచ్చిందనీ చెప్పారు. కాళ్లు పడిపోతాయేమోనని భయంగా ఉంది. ఫిజియోథెరపీలో చేత్తో నొక్కితే అతుకు ఊడుతుందా?
– ఒక సోదరి, పలాస

ఆ అతుకు వల్ల కాళ్లు పడిపోవమ్మా. దీన్ని శాక్రలైజేషన్ అంటారు. పదిమందిలో ఒకరికి అటూఇటుగా ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. అతుకు ఊడదు, ఊడనక్కర్లేదు కూడా: ఎముక 34 ఏళ్లుగా అలాగే ఉంది, నొప్పి వచ్చింది ఆరు నెలల కిందటే. అతుకు దగ్గర కదలిక తగ్గి, దానిపై పూస మీద భారం పడుతుంది. ఈ నొప్పిని ఇటలీ వైద్యుడు బెర్తొలోట్టి 1917లోనే వివరించాడు. ఫిజియోథెరపిస్టు మిమ్మల్ని బోర్లా పడుకోబెట్టి, అరచేతి మొదలుతో ఆ పూసల్ని నెమ్మదిగా నొక్కి వదులుతారు, బిగుసుకున్న పిరుదు కండరాన్ని సాగదీస్తారు. ‘టక్‌’మని చప్పుడు రానక్కర్లేదు. దాంతో దొరికే సుఖం నిలవాలంటే నేర్పిన వ్యాయామాలు ఇంట్లో చేయాలి, పనిలో అరగంటకోసారి లేవాలి. కిలోల లెక్కన కూలి వచ్చేవాళ్లకి లేవబుద్ధి కాదని తెలుసు. నిమిషం నిలబడినా చాలు. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం వాలినా మాత్రం అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

మా నాన్నగారికి 61 ఏళ్లు. కొత్తగా నడుం నొప్పి. ఎక్స్‌రేలో ఇలాంటి అతుకే ఉందన్నారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నిస్తే పోతుందని ఊళ్లో అంటున్నారు.
– ఒక పాఠకుడు, గజపతినగరం

కంగారు పడకండి, కానీ ఈ వయసులో కొత్తగా వచ్చిన నడుం నొప్పిని మామూలే అని వదిలేయకండి. కాలు ఊరికే తాకిస్తే నష్టం లేదు గానీ తన్నించకండి, తొక్కించకండి. ఎముకలు గుల్లబారి ఉంటే విరుగుతాయి. నొప్పి కొత్తదైతే నేరం పాత అతుకు మీదే తోసేయకూడదు. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను క్షయ వంటివి లేవని డాక్టరు తేల్చాకే ఎవరైనా చెయ్యి వేయాలి.

మా పాపకి ఏడేళ్లు. నడుం కింద పుట్టినప్పటి నుంచీ జుట్టు కుచ్చు ఉంది. ఎక్స్‌రేలో స్పైనా బిఫిడా అకల్టా అన్నారు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. మర్దన చేయించమంటారా?
– ఒక తల్లి, రాజాం

ఇప్పుడే వద్దమ్మా. పూస వెనక చిన్న ఖాళీ ఒక్కటే అయితే భయమేమీ లేదు, ఎందరికో ఉంటుంది. కుచ్చు కూడా ఉండి, పక్క తడపడం తిరిగి మొదలైంది కాబట్టి లోపల వెన్నుపాము కిందికి అంటుకుని లాగుతోందేమో చూడాలి. ఈ వారంలోనే విశాఖ కేజీహెచ్‌లో న్యూరోసర్జన్‌కి చూపించి ఎమ్మారై గురించి అడగండి. నడక తడబడుతున్నా, ఒక పాదం చిన్నదిగా ఉన్నా ఆ మాట ముందే చెప్పండి.