ఒక్కొక్కరి పాలు, అందరి క్యాను: తేడాలు ఎలా కూడుతాయి?



“సభ్యుల వెన్న అంతా కూడితే ఒక లెక్క వస్తున్నది, డెయిరీ పరీక్షలో మరొక లెక్క వస్తున్నది. మధ్యలో తేడా ఎక్కడ పోతున్నది?” పాల సంఘాల సమావేశాలలో తరచు వినిపించే ప్రశ్న ఇది. ప్రశ్న న్యాయమైనదే. కాని సమాధానం వెదకక ముందే ఒకచోట టెస్టర్ మీద, ఒకచోట డెయిరీ మీద అనుమానం పడుతుంది. అనుమానం కంటే ముందు లెక్క ఉండాలి. గణాంకశాస్త్రంలో ఈ లెక్కకు “సంయుక్త విభాజనం, ఏకఘాత సంయోగం” అని పేర్లు. పేర్లు పెద్దవే గాని, విషయం మన పాల బిందెలోనిదే. ఈ పాఠంలో దానిని మన పాల అంకెలతోనే చెప్పుకుందాం.

1. నిలకడ లేని అంకె

ఒకే గేదె పాలను రోజూ పరీక్షించండి. వెన్న ఒకనాడు 6.4, మరునాడు 6.7 వస్తుంది. మొదట పితికిన పాలలో వెన్న తక్కువ, చివరి ధారలలో ఎక్కువ. మేత, ఈత, ఈని ఎన్ని నెలలైనదీ అన్నీ దీనిని మారుస్తాయి. ఇలా ముందుగా చెప్పలేని విధంగా మారే రాశిని యాదృచ్ఛిక చలరాశి అంటారు. 6.4కు 6.5కు మధ్య 6.43, 6.478 వంటి ఏ విలువైనా రావచ్చు కనుక ఇది అవిచ్ఛిన్న చలరాశి. ఇటువంటి రాశి గురించి “సరిగ్గా 6.5 వస్తుందా” అని అడగరాదు, “6.4కు 6.6కు మధ్య వచ్చే అవకాశం ఎంత” అని అడగాలి.

ఆ రాశిని తెలుసుకోవడానికి రెండు అంకెలు చాలు. ఒకటి సగటు. రెండవది, సగటు నుండి మామూలుగా ఎంత అటూ ఇటూ పోతుందో చెప్పే క్రమవిచలనం. క్రమవిచలనం వర్గాన్ని విస్తృతి అంటారు. విలువలు సగటుకు రెండు వైపులా గంట ఆకారంలో పరచుకొని ఉంటే, 100లో సుమారు 95 సార్లు సగటుకు రెండు క్రమవిచలనాల లోపలే ఉంటాయి.

2. రెండు అంకెలను జతగా చూడాలి

పాలలో వెన్న ఒక రాశి, లాక్టోమీటరు రీడింగు మరొక రాశి. వేటికి వాటిని విడిగా చూస్తే మోసపోతాము. నీళ్లు కలిపితే లాక్టోమీటరు దిగుతుంది. వెన్న నీటి కంటే తేలిక కనుక మీగడ తీస్తే లాక్టోమీటరు పెరుగుతుంది. మీగడ తీసి, ఆపైన నీళ్లు కలిపితే లాక్టోమీటరు మళ్లీ మామూలు అంకె దగ్గరే నిలుస్తుంది! లాక్టోమీటరు ఒక్కటే చూసే టెస్టర్‌కు ఆ పాలు మంచి పాలుగానే కనబడతాయి. వెన్నను కూడా పక్కన పెట్టి చూస్తే గాని సంగతి బయటపడదు.

రెండు రాశులు జంటగా ఏ విలువలు ఎంత తరచుగా తీసుకుంటాయో చెప్పేదే సంయుక్త విభాజనం. ఒకటి పెరిగినప్పుడు రెండవది కూడా పెరిగే ధోరణి ఉంటే వాటి సహవిస్తృతి ధనాత్మకం; ఒకటి పెరిగితే మరొకటి తగ్గే ధోరణి ఉంటే ఋణాత్మకం. ఆవు పాలు, గేదె పాలు రెండూ వచ్చే సంఘంలో వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రెండూ గేదె పాలలో ఎక్కువగా, ఆవు పాలలో తక్కువగా ఉంటాయి కనుక అక్కడ సహవిస్తృతి ధనాత్మకం. ఒకదానికి మరొకదానితో సంబంధమే లేకపోతే అవి స్వతంత్రాలు, సహవిస్తృతి సున్న.

3. మన సూత్రమే ఒక ఏకఘాత సంయోగం

ఎస్.ఎన్.ఎఫ్. కట్టడానికి రిచ్మండ్ సూత్రం వాడతాము. సవరించిన లాక్టోమీటరు రీడింగులో నాలుగవ వంతు, వెన్నలో అయిదవ వంతు, ఒక స్థిరాంకం, ఈ మూడింటి మొత్తమే ఎస్.ఎన్.ఎఫ్. స్థిరాంకం 0.36 అనుకుందాం (మీ డెయిరీ పట్టికలో వేరుగా ఉంటే దానినే వాడండి). రీడింగు 29, వెన్న 6.5 అయితే 7.25 + 1.30 + 0.36 = 8.91.

రాశులను ఏవో గుణకాలతో గుణించి కూడడమే ఏకఘాత సంయోగం. దాని విస్తృతికి సూత్రం ఇది: మొదటి గుణకం వర్గాన్ని మొదటి విస్తృతితో గుణించండి, రెండవ గుణకం వర్గాన్ని రెండవ విస్తృతితో గుణించండి, రెండు గుణకాలను, సహవిస్తృతిని గుణించి రెట్టింపు చేయండి, మూడింటినీ కూడండి. రాశులు స్వతంత్రాలైతే మూడవది ఉండదు.

లాక్టోమీటరు చదవడంలో పొరపాటు క్రమవిచలనం 0.5, వెన్న చదవడంలో 0.1 అనుకుందాం. లాక్టోమీటరు వాటా 0.125 వర్గం, అంటే 0.0156. వెన్న వాటా 0.02 వర్గం, అంటే 0.0004. మొత్తం 0.0160, దాని వర్గమూలం సుమారు 0.13. ఎస్.ఎన్.ఎఫ్.లో వచ్చే తప్పు దాదాపు అంతా లాక్టోమీటరుదే! కనుక నురగ తగ్గకుండా, పాల వేడి చూడకుండా, కన్ను మట్టానికి దించకుండా రీడింగు తీసుకోవడం ఎంత నష్టమో గ్రహించండి.

4. వందమంది పాలు ఒకచోట చేరితే

ఒక సంఘాన్ని ఊహించుకుందాం. 100 మంది సభ్యులు, ఒక్కొక్కరు రోజుకు 5 కిలోల పాలు, సగటు వెన్న 6.5. మొత్తం 500 కిలోల పాలు, 32.5 కిలోల వెన్న. ఒక్కొక్క పరీక్షలో పొరపాటు క్రమవిచలనం 0.1 శాతం, అంటే 5 కిలోల మీద 5 గ్రాములు. వందమందికి 500 గ్రాముల తప్పు వస్తుందా? రాదు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పడి చాలా వరకు కొట్టుకుపోతాయి. స్వతంత్ర రాశులలో కూడేది విస్తృతులే. 25ను వందసార్లు కూడితే 2,500. వర్గమూలం 50 గ్రాములు మాత్రమే.

ఇప్పుడు డెయిరీ వైపు చూడండి. అక్కడ మొత్తం 500 కిలోలకు ఒకే నమూనా తీశారనుకుందాం. అదే 0.1 శాతం పొరపాటు 500 కిలోల మీద పడి 500 గ్రాములవుతుంది. మన లెక్కలోనుండి డెయిరీ లెక్క తీసివేసినా విస్తృతులు తీసివేయబడవు, కూడుతాయి. 2,500 + 2,50,000 = 2,52,500; వర్గమూలం సుమారు 502 గ్రాములు. అందువల్ల ఏ తప్పూ ఎవరూ చేయకపోయినా, ఒక రోజు కిలో దాకా తేడా కనబడవచ్చు. ఒక్క రోజు తేడా చూసి ఎవరినీ దొంగ అనరాదు.

నెలకు చూద్దాం. 30 రోజుల మొత్తం తేడాకు క్రమవిచలనం 502ను 30 వర్గమూలంతో గుణిస్తే సుమారు 2.75 కిలోలు. దానికి రెట్టింపు 5.5 కిలోలు. నెల మొత్తంలో తేడా ఒకే వైపు అంతకు మించితే ఇక అది అదృష్టం ఆట కాదు, కారణం వెదకాలి.

5. అందరి మీదా పడే తప్పు

ఇంతవరకు ఒకరి పరీక్షలోని పొరపాటుకు మరొకరి పరీక్షతో సంబంధం లేదనుకున్నాము. పిప్పెట్టు ఒకటే అయితే? గెర్బర్ పరీక్షకు 10.75 మిల్లీలీటర్ల పాలు పోయాలి. మొన పగిలిన పిప్పెట్టు 10.60 మాత్రమే పోసిందనుకోండి. వెన్న 6.5 ఉన్న పాలు సుమారు 6.41గా చదువబడతాయి. అందరికీ ఒకే వైపు తగ్గింది కనుక ఇక్కడ కొట్టుకుపోవడం లేదు. రోజుకు 450 గ్రాములు, నెలకు 13.5 కిలోల వెన్న సభ్యుల ఖాతాలో పడదు.

“6.57 ఉంటే 6.5 వేయి” అనే అలవాటు కూడా ఇటువంటిదే. చివర వదిలే ముక్క సున్నకు 0.1కు మధ్య ఎంతైనా కావచ్చు. సగటున 0.05 పోతుంది. అంటే మన ఉదాహరణలో రోజుకు 250 గ్రాములు, నెలకు ఏడున్నర కిలోలు. దగ్గరి అంకెకు సవరిస్తే సగటు నష్టం సున్న.

రెండింటిలోనూ ఒక్క రోజు తేడా కిలో లోపలే ఉండి కనబడదు. నెల లెక్కలో మాత్రం 5.5 దాటి నిలబడుతుంది. ఈ తేడా సంఘానికి మిగులుగా కనబడుతుంది గనుక ఎవరూ అడగరు. వెన్న మిగులు వచ్చిందని మురిసిపోయే ముందు అది ఏ సభ్యురాలి చెంబు నుండి వచ్చిందో ఆలోచించాలి. నేడు అనేక సంఘాలలో ఎలక్ట్రానిక్ పాల పరీక్ష యంత్రాలు వచ్చాయి. వాటి అమరిక తప్పినా ఫలితం ఇదే. యంత్రం వందమందినీ ఒకే వైపు నెడుతుంది.

6. సంఘాలు చేయవలసినవి

సంఘం వెన్న మొత్తాన్ని, డెయిరీ వెన్న మొత్తాన్ని, తేడాను రోజూ ఒక పుస్తకంలో, ఎక్కువో తక్కువో గుర్తుతో సహా రాయండి. నెలాఖరున కూడి పాలకవర్గం ముందు పెట్టండి. పగిలిన పిప్పెట్టును ఆనాడే మార్చండి. యంత్రాన్ని గెర్బర్ పరీక్షతో అప్పుడప్పుడు సరిచూడండి. అంకెలను కిందికి కోయకండి.

సభ్యులకు ఒక మాట. ఒక పూట అంకె 0.2 తగ్గిందని టెస్టర్‌తో తగవు పడకండి. 15 రోజుల బిల్లులో 30 పూటల సగటు చూడండి. అక్కడ పరీక్ష పొరపాటు 0.1ని 30 వర్గమూలంతో భాగించగా సుమారు 0.02కు దిగుతుంది. పశువు, మేత మారకుండా ఆ సగటే బాగా తగ్గితే అప్పుడు తప్పక అడగండి. అడగడం మీ హక్కు.

అభ్యాసం: 64 మంది సభ్యులు, ఒక్కొక్కరు 4 కిలోల పాలు పోస్తారు. పరీక్ష పొరపాటు క్రమవిచలనం 0.1 శాతం. పొరపాట్లు స్వతంత్రాలైతే సంఘం మొత్తంలో క్రమవిచలనం ఎంత? యంత్రం అందరికీ 0.1 తగ్గించి చూపితే తప్పు ఎంత?

జవాబు: 32 గ్రాములు, 256 గ్రాములు. ఎనిమిది రెట్లు ఎందుకు పెరిగిందో మీ సంఘం సమావేశంలో చర్చించవలసిందిగా మా మనవి.