సున్నకట్టు రోగం - బూజు మందు బూజు దాకా చేరేదెలా?



వానాకాలంలోను, మంచు పడే చలికాలంలోను పట్టు పురుగులు పెంచేవారు ఎక్కువ జాగ్రత్త పడవలసిన రోగం సున్నకట్టు. ఐదవ దశలో, ఇక నాలుగు రోజులలో చంద్రికలకు ఎక్కించాలనుకునే వేళ ఈ రోగం తగిలితే అంతవరకు పెట్టిన ఆకు, పడిన కష్టం నేలపాలవుతాయి. ఈ మధ్య "నానో" అనే మాట ఎరువుల అంగళ్ళలో తరచు వినిపిస్తున్నది. 2021లో ఇఫ్కో వారి నానో యూరియా సీసాలు వచ్చినప్పటి నుండి ఈ మాట అందరికీ తెలిసింది. పట్టు పురుగుల బూజుకు కూడా నానో మందు ఉన్నదా, కొనవచ్చునా అని అడిగే రైతుల కోసం రామనగుడ ప్రాంతపు తెలుగు పాఠకులకు ఈ పాఠం.

రోగం ఎలా వస్తుంది?

ఈ రోగానికి కారణం బవేరియా బాసియానా అనే బూజు. ఇటలీలోని లోడి ప్రాంతానికి చెందిన అగస్టీనో బస్సీ 1835లో దీనిని రుజువు చేశారు. గాలి మార్పు వల్లనో, ఆకు దోషం వల్లనో పురుగులు గట్టిపడుతున్నాయని అంతవరకు అనుకునేవారు. ప్రాణమున్న బూజే రోగానికి మూలమని, అది ఒక పురుగు నుండి మరొక పురుగుకు అంటుకుంటుందని ఆయన చూపించారు. కంటికి కనబడని జీవి వల్ల జంతువులకు రోగం వస్తుందని తేలినది మొదట పట్టు పురుగులలోనే. బూజు పేరులోని "బాసియానా" ఆయన పేరు మీద పెట్టినదే.

బూజు బీజాలు గాలిలో తేలివచ్చి పురుగు చర్మం మీద పడతాయి. తేమ ఎక్కువగా ఉంటే మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోతాయి. పురుగు మేత మానివేసి, మందకొడిగా కదిలి, కొద్ది రోజులలో చనిపోతుంది. చనిపోగానే మెత్తగా ఉంటుంది. తర్వాత గట్టిపడి, ఒకటి రెండు రోజులలో సున్నం పూసినట్లు తెల్లబడుతుంది. ఆ తెల్లని పొడి అంతా కొత్త బీజాలే.

మందు ఉన్నా చిక్కు ఏమిటి?

బూజును చంపే మందులు లేకపోలేదు. బూజు ఉన్న చోటికి చాలినంత మందు చేరాలి, బూజు పట్టిన ప్రాణికి మాత్రం హాని కలుగరాదు. కష్టమంతా ఇక్కడే ఉన్నది. పైగా కొన్ని బూజు మందులు నీటిలో కరగవు. ఈ చిక్కును విప్పడానికే శాస్త్రజ్ఞులు నానో కణాల వైపు చూశారు.

నానో కణం అంటే ఏమిటి?

ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. సున్నకట్టు బూజు బీజం అడ్డుకొలత సుమారు 2000 నుండి 3000 నానోమీటర్లు. మందు మోసే నానో కణాలు చాలావరకు 100 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. అంటే బీజం పక్కన నానో కణం గుమ్మడికాయ పక్కన ఉసిరికాయ వంటిది.

అంత చిన్నది చేయడం వల్ల లాభమేమిటి? ఒక సెంటీమీటరు ఘనం ఉన్న దిమ్మె పైభాగమంతా కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 100 నానోమీటర్ల ముక్కలుగా చేయగలిగితే ముక్కలన్నిటి పైభాగం 60 చదరపు మీటర్లు అవుతుంది. బరువు అంతే, బూజును తాకే చోటు మాత్రం లక్ష రెట్లు.

మనుషుల వైద్యంలో ఏం జరిగింది?

2021లో కోవిడ్ తర్వాత వచ్చిన నల్లబూజు వ్యాధి మీకు గుర్తుండే ఉంటుంది. దానికి వాడిన ముఖ్యమైన మందు యాంఫోటెరిసిన్-బి. ఇది 1950ల నుండి ఉన్న మందే. బూజు కణపు పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వును పట్టుకొని ఆ పొరకు చిల్లులు పెడుతుంది. అయితే పాత పద్ధతిలో ఎక్కిస్తే చలిజ్వరం రావడం, మూత్రపిండాలు దెబ్బతినడం జరిగేది. దానిని 100 నానోమీటర్లకన్న చిన్నవైన కొవ్వు గుళికలలో ఇమిడ్చి ఇచ్చినప్పుడు మూత్రపిండాలకు హాని బాగా తగ్గింది. దీనినే లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అంటారు. మందు పాతదే, దానిని మోసే బండి మాత్రమే మారింది. 2021 మే నెలలో ఈ మందుకు దేశమంతా కొరత ఏర్పడింది.

పట్టు పురుగులకు వాడవచ్చునా?

వెండి, చిటోసాన్ వంటి వాటితో చేసిన నానో కణాలను బూజుల మీద ప్రయోగశాలలలో పరీక్షిస్తున్నారు. పట్టుకాయలోని ఫైబ్రోయిన్ అనే మాంసకృత్తితో కూడ మందు మోసే నానో కణాలు తయారుచేస్తున్నారు. మీరు పండించే కాయ మందు మోసే బండి కావడం సంతోషించదగిన విషయమే. కాని బూజును చంపే వెండి కణాలు మోతాదు మించితే పురుగుకు కూడ హాని చేయగలవు. అందువల్ల "నానో" అని చీటీ అంటించినంత మాత్రాన ఏ సీసానూ కొని పురుగుల మీద చల్లరాదు. శాఖ సిఫారసు చేసిన మందులే వాడాలి.

చేతిలో ఉన్న పద్ధతులు

1. పెంపకానికి ముందు, తర్వాత గదిని, తట్టలను, చంద్రికలను శుద్ధి చేయాలి. 10 లీటర్ల నీటికి 200 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి, 30 గ్రాముల పొడి సున్నం కలిపి వెంటనే పిచికారీ చేయాలి.

2. మాంకోజెబ్ పొడిని కయోలిన్ అనే తెల్లమట్టి పొడిలో కలిపి చల్లాలి. మొదటి మూడు దశల పురుగులకు 990 గ్రాముల కయోలిన్‌లో 10 గ్రాములు, నాలుగు, ఐదు దశలకు 980 గ్రాములలో 20 గ్రాములు కలపాలి. జ్వరం నుండి లేచిన తర్వాత, మేత వేయడానికి అరగంట ముందు పలుచగా చల్లాలి. ఇక్కడ కయోలిన్ పొడే మందు మోసే బండి. పొడి ఎంత మెత్తగా ఉంటే పురుగు చర్మానికి అంత సమంగా అంటుతుంది. చల్లేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి.

3. పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు పొడి సున్నం చల్లి పడకను ఆరబెట్టాలి. తడి ఆకు వేయరాదు. గదిలో గాలి ఆడనివ్వాలి.

4. చచ్చిన పురుగును తెల్లబడక ముందే పటకారుతో ఏరివేయాలి. సున్నం, బ్లీచింగ్ పొడి కలిపిన నీటి పాత్రలో వేసి, తర్వాత లోతుగా పూడ్చాలి. పేడకుప్ప మీద పారవేయరాదు.

పత్తి రైతులకు మనవి

పత్తి, కూరగాయలలో పురుగుల నివారణకు బవేరియాను జీవ కీటకనాశినిగా అమ్ముతారు. పత్తికి మేలు చేసే ఆ పొడిలో ఉన్నది సున్నకట్టు తెచ్చే జాతి బూజే. మల్బరీ తోటకు దగ్గరలో దానిని చల్లరాదు. పక్క చేను వారికి ముందుగానే చెప్పుకోవాలి. దానిని చల్లిన బట్టలతో, చేతులతో పెంపక గదిలోకి పోరాదు. ఆ పంపును గది శుద్ధికి వాడరాదు.

నానో మందు రేపు రావచ్చు. ఈ పంటను కాపాడేది మాత్రం పొడి పడక, శుభ్రమైన గది, వేళకు చల్లిన పొడి. ఒక్క పురుగు తెల్లబడినట్లు కనబడినా తెల్లవారే దాకా ఆగక, ఆ పూటే ఏరివేసి, మీ పట్టు విస్తరణాధికారికి తెలియజేయండి.