చెక్క రోయింగ్ మెషిన్ కొంటున్నారా? విశాఖలో ముందు ఇనుము చూడండి

విశాఖలో వ్యాయామం అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది బీచ్ రోడ్డు. తెల్లవారుజామున వీలు చిక్కేవాళ్లకు దాన్ని మించింది లేదు. కానీ స్టీల్ ప్లాంటులో రాత్రి షిఫ్టు ముగించుకుని పొద్దున్నే ఇల్లు చేరేవారికి, పోర్టులో నైట్ డ్యూటీ చేసేవారికి, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించేసరికే ఎనిమిది దాటిపోయే తల్లులకు ఆ వేళ దొరకదు. ఆ తర్వాత ఎండ. ఎండ లేకపోతే వాన, రెండూ లేకపోతే ఉక్కపోత. అలాంటివాళ్లు ఇంట్లోనే ఇరవై నిమిషాల్లో కాళ్లకు, నడుముకు, వీపుకు, చేతులకు కలిపి పని చెప్పాలంటే నీళ్ల రోయింగ్ మెషిన్ మంచి దారి. మోకాళ్ల మీద దెబ్బ పడదు, కరెంటు అక్కర్లేదు. చూడటానికి చెక్క సామానులా ఉంటుంది కాబట్టి హాల్లో పెట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదు.

దీని నిర్మాణం తేలికే. చెక్క చట్రం, ముందు భాగంలో పారదర్శకంగా ఉండే గుండ్రటి ట్యాంకు, అందులో నీళ్లు, ఆ నీళ్లలో తెడ్ల చక్రం. పిడి పట్టుకుని లాగితే బెల్టు ఆ చక్రాన్ని తిప్పుతుంది. ఒకప్పుడు అమెరికా జాతీయ జట్టులో రోయింగ్ చేసిన జాన్ డ్యూక్ 1980లలో రూపొందించిన వాటర్‌రోవర్‌తో ఈ రకానికి పేరొచ్చింది. ఇప్పుడు తక్కువ ధరకు దొరికే చెక్క మెషిన్లలో చాలావాటికి అదే పోలిక. నీళ్లలో ఒక సుగుణం ఉంది: చక్రాన్ని రెట్టింపు వేగంతో తిప్పాలంటే సుమారు ఎనిమిది రెట్లు శక్తి పెట్టాలి. మెల్లగా లాగితే తేలిగ్గా వస్తుంది, గట్టిగా లాగితే బరువెక్కుతుంది. అరవై ఏళ్ల తండ్రి, ఇరవై ఏళ్ల కొడుకు ఏ మీటా తిప్పకుండానే ఒకే మెషిన్ వాడుకోవచ్చు. కాబట్టి ‘ఆరు లెవెళ్ల రెసిస్టెన్స్’ అని ప్రకటనలో రాసి అదనంగా డబ్బు అడిగితే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ ఖర్చు దండగ.

మొదట టేపు తీయండి

ఈ మెషిన్లు సుమారు 7 అడుగుల పొడవు, 2 అడుగుల లోపు వెడల్పు ఉంటాయి. మనిషి వెనక్కి వాలడానికి, పక్కన నిలబడి ఎక్కి దిగడానికి కూడా చోటు కావాలి కదా. అందుకని నేల మీద 9 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో చాక్‌పీసుతో గీత గీయండి. రెండు రోజులు ఆ గీత అలాగే ఉంచి ఇంట్లో తిరగండి. బీరువా తలుపు తెరుచుకుంటోందా, బాల్కనీకి దారి ఉందా, చిన్నపిల్లలు పరిగెత్తే చోటేనా అన్నది అప్పుడు తెలుస్తుంది.

వాడనప్పుడు గోడవార నిలబెట్టుకోవచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. అది నిజమే, కానీ మన అపార్ట్‌మెంట్లలో ఒక చిక్కుంది. శ్లాబు 10 అడుగుల ఎత్తులో ఉన్నా, బెడ్‌రూములో లాఫ్ట్ 7 అడుగుల దగ్గరే మొదలవుతుంది. పైగా మెషిన్‌ను లేపేటప్పుడు దాని మూల నిలబడ్డాక ఉండే ఎత్తు కంటే రెండు మూడు అంగుళాలు పైకి వెళ్లి, తర్వాత కిందకి దిగుతుంది. కాబట్టి లాఫ్ట్ లేని గోడ వెతుక్కోండి. తిరుగుతున్న ఫ్యాను కింద మెషిన్‌ను లేపకండి. నీళ్లతో సహా నిలబెట్టవచ్చా లేదా అన్నది ఆ మోడల్ మాన్యువల్‌లో చూడండి, అన్నింటికీ కుదరదు.

బాల్కనీలో పెడదామన్న ఆలోచన మాత్రం మానుకోండి. సముద్రం కనిపించే బాల్కనీ అయితే మరీను. ఎండకు ట్యాంకులో నాచు పడుతుంది, ఉప్పుగాలికి మిగతావన్నీ పాడవుతాయి.

చెక్క

మంచి మెషిన్లను యాష్, ఓక్, బీచ్ లాంటి గట్టి చెక్కతో చేస్తారు. చవక వాటిలో రబ్బరు చెక్క, పైన్ కనిపిస్తాయి. రబ్బరు చెక్కను సరిగ్గా శుద్ధి చేస్తే ఇంటి వాడకానికి పనికొస్తుంది, చేయకపోతే బూజు, పురుగు త్వరగా పడతాయి. పేరు ఏదైనా, అది నిజమైన చెక్కా, పైన పలచటి పొర అతికించిన ఎం.డి.ఎఫ్. బోర్డా అన్నది ముందు తేల్చుకోండి. మన ఊరి తేమకు ఎం.డి.ఎఫ్. అంచుల దగ్గర ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలు కాదు.

దీన్ని కనిపెట్టడానికి వడ్రంగి అక్కర్లేదు. కోసిన కొసలు చూడండి. నిజమైన చెక్కకు కొసన నార చారలు కనిపిస్తాయి, పైనున్న చార కొస మీదుగా వంగి కిందకి కొనసాగుతుంది. పాలిష్ అక్కడ కూడా పట్టిందో లేదో వేలితో రాసి చూడండి. చెక్క తేమను ఎక్కువగా తాగేది ఆ కొసల దగ్గర, స్క్రూ రంధ్రాల దగ్గరే. పైభాగం అద్దంలా మెరుస్తూ కొసలు గరుగ్గా, పొడిగా ఉంటే ఆ తయారీదారు అందం వరకే చూసుకున్నాడని అర్థం.

అసలు చూడాల్సింది ఇనుము

ఉక్కు తయారుచేసే ఊళ్లో ఉంటున్నాం. తుప్పు సంగతి మనకు ఒకరు చెప్పాలా? కిటికీ గ్రిల్లులకు పెయింటు వేయిస్తూనే ఉంటాం. సముద్రానికి దగ్గరగా ఉన్న పాత భవనాల్లో శ్లాబు పెచ్చులు ఊడిపడటం, లోపలి ఊచలు ఎర్రగా బయటపడటం చూస్తూనే ఉంటాం. గాలిలోని ఉప్పు తేమతో కలిసి ఇనుమును తింటుంది. ఆ తుప్పు మొదటి ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి చుట్టూ ఉన్నదాన్ని పగలగొడుతుంది. కాంక్రీటునే పగలగొట్టేది చెక్కను వదులుతుందా? స్క్రూ తుప్పుపడితే రంధ్రం వదులవుతుంది, చట్రం కిర్రుమంటుంది. ఓక్ లాంటి చెక్క అయితే దానిలోని టానిన్‌తో ఇనుము కలిసి చుట్టూ నల్లటి మరక కూడా పడుతుంది.

అందుకే మెషిన్ చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఫ్రిజ్ అయస్కాంతం ఒకటి వేసుకెళ్లండి. బోల్టులకు, సీటు చక్రాల ఇరుసులకు, పాదాల పలకను పట్టుకున్న స్క్రూలకు దాన్ని ఆనించి చూడండి. టక్కున అతుక్కుంటే అది పూత పూసిన మామూలు ఇనుమో, తక్కువ రకం స్టెయిన్‌లెస్సో అయి ఉంటుంది. దాదాపు అంటుకోకపోతే 304 రకం కావచ్చు. 304 అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న ఉక్కు. బోల్టుగా మలిచేటప్పుడు పడిన ఒత్తిడి వల్ల దాన్ని కూడా అయస్కాంతం కొద్దిగా లాగవచ్చు, అంతమాత్రానికి అనుమానించకండి. మాలిబ్డినం కలిపిన 316 రకం ఉప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది, పడవల సామాన్లకు వాడేది అదే. గదిలో ఉండే మెషిన్‌కు అంత అవసరం లేదు, 304 చాలు.

బోల్టులు మామూలు ఇనుమువని తేలితే బేరం వదులుకోనక్కర్లేదు. అవే కొలతల 304 బోల్టులు హార్డ్‌వేర్ షాపులో కొని, బిగించేటప్పుడే మార్చేయవచ్చు. మెషిన్ ధరలో అది లెక్కలోకి రాని ఖర్చు. మార్చలేనిది రైలు, అంటే సీటు జరిగే పట్టా. రైలు మూడు రకాలుగా వస్తుంది. రెండు చెక్క దూలాలు, వాటి మీద ప్లాస్టిక్ పట్టీ ఉన్నది మన ఊరికి అన్నిటికంటే మేలు. అల్యూమినియం పట్టా కూడా బాగానే మన్నుతుంది. రంగు వేసిన ఇనప పట్టా అయితే, చట్రం ఎంత అందంగా ఉన్నా, ఆ మెషిన్ వద్దు. సీటు చక్రాలు రోజూ ఆ రంగు మీదే నడుస్తాయి, రంగు అరిగిన చోటే తుప్పు మొదలవుతుంది.

ఇంకొక్కటి. పిడిని వెనక్కి లాక్కునే రబ్బరు తాడును చూడండి. పిడిని మెల్లగా ముందుకు వదిలితే బెల్టు ఎక్కడా వేలాడకుండా లోపలికి పోవాలి. ఆ తాడు ఎప్పటికైనా సాగిపోయేదే, కాబట్టి విడిగా దొరుకుతుందో లేదో ఇప్పుడే అడగండి.

మీ ఒంటికి సరిపోతుందా

సీటు మీద కూర్చుని కాళ్లు పూర్తిగా చాపండి. మోకాలు నిటారు కాకముందే సీటు చివరికి తగిలితే ఆ రైలు మీకు పొట్టి. ఇంట్లో అందరికంటే పొడుగు మనిషిని వెంట తీసుకెళ్లండి. మెషిన్ మోయగల బరువు, ఇంట్లో అందరికంటే బరువైన మనిషి కంటే కనీసం 20 కిలోలు ఎక్కువ ఉండాలని నేనంటాను. సీటు నేలకు ఒక్క అడుగు ఎత్తులోనే ఉంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు లేవడం కష్టం. అమ్మానాన్నల కోసమే కొంటుంటే ఎత్తు సీటున్నది వెతకండి. డిస్కు సమస్య, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

అసలు వాటర్‌రోవర్ అమెరికాలోనే వెయ్యి డాలర్లు దాటుతుంది. ఇక్కడికి వచ్చేసరికి రవాణా, సుంకాలు కలిసి లక్ష రూపాయలు దాటిపోతుంది. తక్కువలో కావాలంటే దేన్ని వదులుకోవాలో తెలియాలి. బ్లూటూత్, యాప్, రంగుల తెర వదులుకోండి. నెలనెలా చందా కట్టే యాప్ లేకపోయినా మీ కాళ్లు ఆగవు. బ్యాటరీలతో నడిచే చిన్న మానిటర్ మీద సమయం, నిమిషానికి ఎన్నిసార్లు లాగారో కనిపిస్తే సరిపోతుంది. అది చూపించే క్యాలరీలు అంచనా మాత్రమే. మీటర్లు కూడా మెషిన్‌కీ మెషిన్‌కీ తేడాగా ఉంటాయి కాబట్టి స్నేహితుడి లెక్కతో పోల్చుకోకండి. రైలు, బోల్టులు, ట్యాంకు, రబ్బరు తాడు దగ్గర మాత్రం రాజీ పడొద్దు.

ఆన్‌లైన్‌లో కొంటే ముందు మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి. విశాఖకు మనిషి వచ్చి బిగిస్తారా? రబ్బరు తాడు, ట్యాంకు సీలు, సీటు చక్రాలు విడిగా అమ్ముతారా? వారంటీలో తుప్పును మినహాయించారా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబుతో ఆ మెషిన్ మీద అమ్మేవాళ్లకే ఎంత నమ్మకముందో తేలిపోతుంది.

సెకండ్ హ్యాండ్‌ను చిన్నచూపు చూడకండి. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి బదిలీల మీద వెళ్లే కుటుంబాలు సామాను అమ్ముకోవడం ఇక్కడ మామూలే. కొత్త సంవత్సరం నిశ్చయంతో కొని, తర్వాత బట్టలు ఆరేయడానికి వాడిన మెషిన్లూ దొరుకుతాయి. నీళ్లు నింపి నడిపి చూపించమనండి. ట్యాంకు అతుకుల దగ్గర సన్నటి చీలికలు ఉన్నాయేమో మొబైల్ టార్చి వేసి వెతకండి.

నీళ్లు పోయడం

ట్యాంకులో సాధారణంగా 15 నుంచి 20 లీటర్ల నీళ్లు పడతాయి. రోజూ ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల క్యాను ఒకటి చాలు. జీవీఎంసీ కుళాయి నీళ్లు కూడా పనికొస్తాయి. తీరానికి దగ్గరి బోరు నీళ్లు మాత్రం వద్దు, ఉప్పదనం, తెల్లటి పొర రెండూ తప్పవు. మెషిన్‌తో ఇచ్చే పంపుతో, ట్యాంకు మీద గీత దాటకుండా నింపండి. ఎక్కువ నీళ్లు పోస్తే బరువైన పడవను లాగినట్టు ఉంటుంది, మొదట్లో గీతల్లో మధ్యది చాలు. నీళ్లు పాడవకుండా కంపెనీ ఇచ్చే బిళ్లలే వేయాలి. చేతికి దొరికిందని బ్లీచింగ్ పౌడరో ఫినాయిలో పోస్తే ట్యాంకు ప్లాస్టిక్, సీలు దెబ్బతింటాయి. మొదటి రాత్రి కింద పాత పేపరు పరిచి ఉంచండి. తెల్లారి అది పొడిగా ఉంటే ట్యాంకు గట్టిదే.

కూర్చోవడం, లాగడం

టైల్సు మీద జారకుండా రబ్బరు చాప వేసి మెషిన్‌ను దాని మీద పెట్టండి. సీటు చక్రాల చప్పుడు కింది ఫ్లాటుకు వినపడకుండా కూడా ఆ చాపే కాపాడుతుంది.

పెద జాలరిపేట ఒడ్డున తెప్ప మీద తెడ్డు వేసేవాళ్లు సముద్రం వైపు చూస్తూ భుజబలంతో వేస్తారు. ఈ మెషిన్ అనుకరించేది వేరే రకం పడవను, పోటీల పడవను. అందులో మనిషి వెనక్కి తిరిగి, జరిగే సీటు మీద కూర్చుంటాడు. కాబట్టి బలమంతా కాళ్ల నుంచి రావాలి. కొత్తవాళ్లు చేసే తప్పు చేతులతో మొదలుపెట్టడం, దాంతో మర్నాటికి నడుము పట్టేస్తుంది. ముందు కాళ్లతో పలకను తన్నండి, చేతులు చాచే ఉండాలి. కాళ్లు దాదాపు నిటారయ్యాక నడుము కొద్దిగా వెనక్కి వాల్చండి. ఆఖర్న పిడిని పక్కటెముకల కిందికి లాగండి. తిరిగి వెళ్లేటప్పుడు ఇదే తిరగేసి: ముందు చేతులు, తర్వాత నడుము, చివర మోకాళ్లు. పిడి మోకాళ్లను దాటేదాకా వాటిని మడవకండి. లాగడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం తిరిగి వెళ్లడానికి తీసుకోండి.

మొదటి వారం రోజుకు ఐదు నిమిషాలు చాలు, నిమిషానికి 20 నుంచి 24 సార్లు లాగండి. ఊపిరి ఆడుతూ మాట్లాడగలిగేంత వేగమే ఉండాలి. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ ఇరవైకి చేరండి. మే నెల ఉక్కలో చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. ఫ్యాను వేసుకుని, పక్కన మంచినీళ్లు పెట్టుకుని తెల్లవారుజామునో రాత్రో చేయండి.

దిగగానే రైలును, పిడిని పొడిగుడ్డతో తుడవండి, చెమటలోనూ ఉప్పే ఉంది. వానాకాలమంతా తేమ పీల్చి ఉబ్బిన చెక్క డిసెంబరులో ఆరి కాస్త సన్నబడుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజులు దాటాక ప్రతి బోల్టుకు ఒకసారి అలెన్ కీ పెట్టి చూడండి. వదులుగా ఉంటే పావు చుట్టు బిగించండి. కదలకపోతే అక్కడితో ఆపేయండి, ఇంకా బిగిస్తే లోపలి చెక్క నలిగి, వచ్చే ఏడాదికి ఆ రంధ్రం పట్టు కోల్పోతుంది.