సందేహాలు - సమాధానాలు: నల్లి పురుగు కాదా?

* "విహారయాత్రలో బొర్రా గుహలు చూశాం. కప్పు నుంచి వేలాడే రాళ్లు ఇంకా పెరుగుతున్నాయట. పెరుగుతాయి కాబట్టి అవీ జీవులేనా?"
- తొమ్మిదో తరగతి విద్యార్థిని, గురజాల

కావమ్మా. సున్నం కరిగిన నీరు చుక్కలుగా కారి, ఆ సున్నం పొర మీద పొరగా పేరుకోవడం వల్ల ఆ రాయి పెరుగుతుంది. జీవి పెరిగేది లోపలి నుంచి. తిన్నదాన్ని ఒంట పట్టించుకుని, కణాలు విభజన చెందుతూ పెరుగుతుంది. విత్తనానికి దాచిన మిరప గింజ చూడు. పెరగదు, కదలదు. అయినా లోపల శ్వాస బహు నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. ఒక్క లక్షణం పట్టుకుని ప్రాణం ఉందో లేదో తేల్చకూడదు.

* "మా మిర్చిలో కొన్ని మొక్కల ఆకులు పైకి, కొన్నింటివి కిందికి ముడుచుకున్నాయి. ఇమిడాక్లోప్రిడ్ కొట్టినా కింది ముడత తగ్గలేదు. రెండూ పురుగుల పనే కదా?"
- మిర్చి రైతు, నరసరావుపేట

ఇక్కడే వర్గీకరణ తెలియకపోతే జేబుకు చిల్లు పడుతుంది. పై ముడత తామర పురుగుల పని. అవి కీటకాలు. ఆరు కాళ్లు, తల మీద స్పర్శకాలు, అంచుల్లో కుచ్చులున్న సన్నని రెక్కలు ఉంటాయి. కింది ముడత తెల్లనల్లి పని. దానికి ఎనిమిది కాళ్లు. రెక్కలుండవు, స్పర్శకాలూ ఉండవు. అది సాలీడు, తేలు ఉన్న తరగతికి చెందింది. అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన నల్లి పిల్లకు మాత్రం ఆరు కాళ్లే ఉంటాయి, దాన్ని చూసి పొరబడొద్దు.

మీరు కొట్టిన ఇమిడాక్లోప్రిడ్ లాంటి, కీటకాలకు కొట్టే మందులు చాలావరకు నల్లి మీద పనిచేయవు. పైగా నల్లిని తినే మిత్ర జీవులు ఆ మందుకు చస్తే నల్లి ఇంకా చెలరేగుతుంది. కొస ఆకు తుంచి, వెనక్కి తిప్పి, భూతద్దంతో చూడండి. సన్నగా పొడుగ్గా ఉండి చురుగ్గా పాకేది తామర పురుగు. ఈనెల పక్కన గాజు చుక్కల్లా కనిపించేవి నల్లులు. వాటికి నల్లి మందో, నీటిలో కరిగే గంధకమో కావాలి.

కీటకాల్లోనూ జాతి తేడా చూడాలి. 2021లో మిర్చిని ముంచిన నల్ల తామర పురుగు వేరే జాతి. మన పాత తామర పురుగు లేత ఆకుల మీద ఉంటే, ఇది పూలలో గుంపులుగా చేరి పూత రాల్చేసింది.

* "విటేకర్ ఐదు రాజ్యాల్లో వైరస్‌కు చోటెందుకు లేదు? జెమిని వైరస్ మిర్చి తోటల్నే తినేస్తోంది కదా!"
- ఉపాధ్యాయుడు, మాచర్ల

1969లో శాస్త్రవేత్త విటేకర్ జీవులను ఐదు రాజ్యాలుగా చేసిన ఆ విభజనకు కణమే పునాది. వైరస్‌కు కణమే లేదు. మొక్క బయట అది తినదు, శ్వాసించదు. పొగాకు మొజాయిక్ వైరస్‌ను 1935లో శాస్త్రవేత్త స్టాన్లీ ఉప్పు, పంచదారల మాదిరి స్ఫటికాలుగా మార్చి చూపాడు. మొక్క కణంలో దూరాక మాత్రం ఆ కణం చేతే తన నకళ్లు తయారు చేయించుకుంటుంది. దాన్ని పూర్తి జీవి అనలేమనే నా అభిప్రాయం.

మీ ఊరి రైతులకు ఒక్క మాట చెప్పండి. బాక్టీరియాను చంపే స్ట్రెప్టోసైక్లిన్ జెమినిపై పనిచేయదు. ఆ మందు దెబ్బతీసేది బాక్టీరియా ప్రోటీన్లు తయారు చేసుకునే యంత్రాంగాన్ని, వైరస్‌లో అదే లేదు. సోకిన మొక్కకు మందు లేదు. తొలి రోజుల్లోనే దాన్ని పీకి పూడ్చేయాలి, వైరస్‌ను మోసే తెల్లదోమను అదుపు చేయాలి. మందుల షాపుకు వెళ్లే ముందు ముడుచుకున్న కొమ్మ ఒకటి తుంచి, వ్యవసాయ అధికారికో, గుంటూరు దగ్గరి లాం ఫాం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలకో చూపించమనండి.