గారపళ్లు చెప్పిన నీటి గుట్టు

నీటి మంచిచెడ్డలను నిర్ణయించుటకు మన పెద్దలు మూడు పరీక్షలు చెప్పుదురు. నీరు కంటికి తేటగా ఉండవలెను. నాలుకకు తీయగా ఉండవలెను. ఎసరు పెట్టి కందిపప్పు వేసినచో త్వరగా ఉడుకవలెను. ఈ మూడింటిలోను నెగ్గిన బావిని ఊరంతయు మంచినీళ్ల బావి యని పిలుచును. అట్టి నీరే కొన్ని యెడల మనుష్యుని నడుము వంచివేయగలదనిన పంచాయతీ సభ్యులు వెంటనే నమ్మలేకపోవచ్చును. కాని అది నిజము. ఈ నిజము బయటపడిన కథ మిక్కిలి విచిత్రమైనది. అది నీళ్ల యింజనీరు వద్ద గాక పళ్ల వైద్యుని వద్ద, మన దేశమున గాక అమెరికాలో మొదలైనది.

1901లో ఫ్రెడరిక్ మెకే అను యువకుడు దంతవైద్య విద్య ముగించి, కొలరాడో స్ప్రింగ్స్ అను పట్టణమునకు వచ్చి వైద్యము ఆరంభించెను. అచట పుట్టి పెరిగిన వారిలో అనేకుల పళ్లపై ముదురు గోధుమవన్నె మచ్చలుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. ఎంత తోమినను అవి పోవు. పుస్తకములలో వీని ప్రసక్తి లేదు. పంది మాంసము ఎక్కువగా తినుటవలన వచ్చినవని కొందరు, పాలు మంచివి కాకపోవుటచేతనని కొందరు, నీటిలోని సున్నము వలననని మరికొందరు ఊరిలో చెప్పుకొనుచుండిరి. 1909లో జి. వి. బ్లాక్ అను ప్రఖ్యాత దంతశాస్త్రజ్ఞుడు వచ్చి మెకేతో కలిసెను. 1915లో తాను మరణించువరకు ఆ పరిశోధన విడువలేదు. వారికి రెండు వింతలు కనబడినవి. పళ్లు లోపల తయారగు బాల్యములో అచట నివసించిన వారికే మచ్చ వచ్చుచున్నది; పెద్దయైన పిదప వలస వచ్చిన వారికి రాదు. ఇది మొదటిది. చూచుటకు అందవికారమైన ఆ గారపళ్లు పుచ్చిపోవుట మాత్రము చాల అరుదు. ఇది రెండవది.

1923లో మెకే ఐడహో రాష్ట్రములోని ఓక్లీ అను చిన్న ఊరికి వెళ్లెను. అచటి తల్లిదండ్రులు ఒక సంగతి చెప్పిరి. ఐదు మైళ్ల దూరమున ఉన్న వేడినీటి ఊటనుండి ఊరికంతటికిని గొట్టము వేయించుకొన్న కొలది కాలమునకే పిల్లల పళ్లపై మచ్చలు కనబడ నారంభించినవట! మెకే ఆ నీటిని పరీక్ష చేయించెను. అనుమానింపదగినదేమియు దొరకలేదు. అయినను ఆయన వెనుదీయక, ఆ గొట్టమును విడిచిపెట్టి దగ్గరనున్న వేరొక ఊట నీటిని వాడుడని ఊరివారికి సలహా యిచ్చెను. సొమ్ము వెచ్చించి వేయించుకొన్న గొట్టమును, తప్పేమిటో ఎవ్వరును చెప్పలేకుండగనే వదలుకొనుట ఎంత కష్టమో పంచాయతీ నడపిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఓక్లీ వారు వదలుకొనిరి. కొన్ని యేండ్లలో అచటి చిన్నపిల్లలకు మచ్చలేని కొత్త పళ్లు వచ్చినవి.

దోషము నీటిలోనే ఉన్నదని తేలినది. అది ఏ పదార్థమో తెలియవలసి యుండెను. ఆర్కన్సా రాష్ట్రములో బాక్సైట్ అను ఊరిలో కూడ ఇదే మచ్చ కలదు. ఐదు మైళ్ల దూరములోని పొరుగూరిలో లేదు. ఆ ఊరు ఒక అల్యూమినియం కంపెనీది. అల్యూమినియం పాత్రలలో వంట చేయుట ప్రమాదకరమను ప్రచారము ఆ రోజులలో సాగుచుండుటచే, మెకే నివేదికను చూచిన ఆ కంపెనీ ముఖ్య రసాయనజ్ఞుడు చర్చిల్ కలవరపడి, బాక్సైట్ నీటిని సామాన్య పద్ధతిలో గాక వర్ణపటము ద్వారా పరీక్ష చేయించెను. 1931లో జవాబు దొరికినది. నీటిలో ఫ్లోరైడ్ అధికముగా ఉన్నది. అంతవరకును నీటిలో దానిని వెదకవలెనని ఎవరికిని తోచలేదు. పాత్రల పరువు కాపాడుకొనబోయిన వ్యాపారము ముప్పది యేండ్ల చిక్కును విప్పినదన్న మాట!

తరువాత ఆ దేశపు ప్రజారోగ్యశాఖకు చెందిన ట్రెండ్లీ డీన్ అను దంతవైద్యుడు ఊరూర నీటిని, పిల్లల పళ్లను సరిపోల్చి, లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉన్నచో సాధారణముగా హానికరమగు మచ్చ పడదనియు, పుచ్చు తగ్గుననియు కనుగొనెను. లీటరుకు ఒక మిల్లీగ్రామనగా వెయ్యి లీటర్ల తొట్టిలో ఒక్క గ్రాము. 1945లో మిచిగన్ రాష్ట్రములోని గ్రాండ్ రాపిడ్స్ నగరమున పళ్ల రక్షణకై ఫ్లోరైడును బుద్ధిపూర్వకముగా నీటిలో కలుపుట ఆరంభించిరి. ఒక దేశమున కొలిచి కలుపుచున్న దానినే మన జిల్లాలలో తీసివేయుటకు నానా తంటాలు పడవలసి వచ్చినది. మందునకును విషమునకును మధ్య ఒకటి రెండు మిల్లీగ్రాముల దూరమే ఉన్నది.

ఈ కథ మన గడపలోనికి వచ్చుటకు ఎంతో కాలము పట్టలేదు. 1937లో, అనగా చర్చిల్ కనుగొన్న ఆరేండ్లకే, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో ఫ్లోరోసిస్ వ్యాధి ఉన్నట్లు వైద్యులు ప్రకటించిరి. (ఈ ప్రాంతములు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు.) అమెరికాలో పంటి మచ్చగా కనబడినది ఇచట ఎముకలవరకు పోయినది. లీటరుకు మూడు మిల్లీగ్రాములు దాటిన నీటిని యేండ్ల తరబడి త్రాగినచో ఎముకలు గట్టిపడి పెరుగును. మెడ తిరుగదు, నడుము వంగిపోవును, కీళ్లు బిగియును. నల్గొండ జిల్లాలో ఈ బాధను పడిన కుటుంబములెన్నో కలవు. ఎముకలు దొడ్డికాళ్లుగా వంగు రూపమును హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో వివరించిరి. మన కూలివాడు ఎండలో పనిచేసి త్రాగు నీరు చలిదేశపు మనిషి త్రాగు నీటికంటె చాల ఎక్కువ. నీటితో పాటు ఫ్లోరైడును ఎక్కువగానే లోపలికి పోవును. అందుచేతనే మన దేశ ప్రమాణము ఒక మిల్లీగ్రాము. వేరు నీటివసతి లేనిచోట మాత్రము ఒకటిన్నర వరకు అనుమతింతురు.

నీటిలోనికి ఇది ఎట్లు వచ్చును? మన నేలక్రింది నల్లరాతిలో ఫ్లోరైడ్ గల ఖనిజములు కలవు. వాననీటిలో ఇది దాదాపు ఉండదు. నేలలో దిగి రాతి పగుళ్లలో ఎంతకాలము నిలిచిన అంత కరగించుకొనును. సామాన్యముగా వానలకు నిండు చేదబావి కంటె లోతైన బోరులో దోషము హెచ్చుగా ఉండుటకు కారణమిదే. ఎండకాలములో బోరు ఎండినచో ఇంకొక రెండు వందల అడుగులు దింపుదమని తీర్మానించునపుడు సభ్యులు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను. అయినను లోతు చూచి లెక్కకట్టుటకు వీలులేదు; ఒకే వీధిలోని రెండు బోరులలో ఒకటి మంచిది, రెండవది చెడ్డది కావచ్చును.

ఇక పప్పు ఉడుకు సంగతి. నీటిలోని సున్నపు అంశము ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దింపును. సున్నము తక్కువైన మెత్తని నీటిలో ఫ్లోరైడ్ స్వేచ్ఛగా కరగియుండగలదు. పప్పును త్వరగా ఉడికించునదియు ఆ మెత్తని నీరే! ఇల్లాలు మెచ్చుకొన్న బావినే మొదట పరీక్షింపవలసి వచ్చుట ఒక వింత. మెత్తని నీరంతయు చెడ్డదని దీని భావము కాదు. వంటకు మంచిదను యోగ్యతాపత్రము ఎముకలకు చెల్లదని మాత్రమే.

ఒక గ్రామసభలో ఈ విషయము చెప్పుచుండగా ఒక వృద్ధ సభ్యుడు లేచి, "దానికేమండీ, కాచి చల్లార్చి త్రాగితే సరిపోదా?" అని అడిగెను. చాలమందికి కలుగు సందేహమే ఇది. కాచుటచే కలరా, విరేచనముల క్రిములు చచ్చును. అందుకై కాచుట మానరాదు. ఫ్లోరైడ్ మాత్రము ఆవిరితో పోదు. లీటరుకు రెండు మిల్లీగ్రాములున్న నీటిని నాలుగు లీటర్లు తీసికొని మూడు లీటర్లగునట్లు మరిగించినచో, అందలి ఎనిమిది మిల్లీగ్రాములును మూడు లీటర్లలోనే మిగులును. రెండుగా ఉన్నది ఇంచుమించు రెండుంబాతిక నుండి రెండుముప్పాతిక మధ్యకు చేరును. బ్లీచింగు పొడి చల్లినను, గుడ్డతో వడపోసినను పోదు.

పోగొట్టు ఉపాయములు లేకపోలేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన ఒక పద్ధతికి నల్గొండ పద్ధతి అనియే పేరు. నీటిలో సున్నమును పటికను తగిన పాళ్లలో కలిపి, బాగుగా త్రిప్పి, తేరనిచ్చి, పైతేట తీసికొందురు. క్రిములు పోవుటకు బ్లీచింగు పొడి కూడ వేయుదురు. పటిక పాలు ఆ నీటి గుణమును బట్టి మారును గనుక చేతికందినంత వేయుట మంచిది కాదు. కాల్చిన ఎముకల బొగ్గు కూడ ఫ్లోరైడును పీల్చుకొనును. మన శరీరములో ఎముక ఏ గుణముచేత చెడుచున్నదో ఆ గుణమే ఇచట మేలు చేయుచున్నది. ఏది చేసినను దినదినము శ్రద్ధ కావలెను. దూరమునుండి మంచి నదీజలము తెచ్చుకొనుట శాశ్వతమైన మార్గము. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము కృష్ణాజలమును గొట్టముల ద్వారా నల్గొండ పల్లెలకు చేర్చినది. కాని గొట్టపు నీరు ఒకనాడు రాకపోయినచో పాత బోరు దగ్గరకే బిందెలు పోవును. ఆ బోరు ఎట్టిదో పంచాయతీకి తెలిసియుండవలెను.

తెలిసికొనుట కష్టము కాదు. ముందుగా బడికి వెళ్లి ఎనిమిది మొదలు పన్నెండేండ్ల పిల్లల ముందుపళ్లు చూడవలెను. ఆ వూరిలోనే పెరిగిన పిల్లలలో పలువురి పళ్లపై రెండు ప్రక్కల ఒకే తీరున సుద్దవంటి తెల్లని అడ్డచారలు గాని, పసుపు, గోధుమవన్నె మచ్చలు గాని ఉన్నచో బావులను అనుమానింపవలెను. తాంబూలపు గార గీకిన పోవును, ఇది పోదు. ఈ పళ్లు బిడ్డ పాలుమానిన నాటినుండి ఏ నీరు త్రాగెనో వ్రాసి పెట్టుకొన్న దస్తరము వంటివి. పిల్లలను నలుగురిలో నిలబెట్టి నోరు తెరిపించి నవ్వులపాలు చేయరాదు. ఉపాధ్యాయుని సహాయముతో నెమ్మదిగా చూడవలెను.

తరువాత ప్రతి బోరు నీటిని పరీక్షకు పంపవలెను. గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలలు ఈ పని చేయును. నమూనాను గాజుసీసాలో గాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పంపుట మేలు, ఏలయన ఫ్లోరైడునకు గాజుతో పొత్తు కలుగును. బోరు కొంతసేపు కొట్టి, పాత నీరు పోయిన పిమ్మట సీసాను అదే నీటితో కడిగి నింపవలెను. సీసాపై బోరున్న వీధి, లోతు, తేది వ్రాయవలెను. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి పరీక్ష చేయించినచో తేడా తెలియును.

ప్రమాణము దాటిన బోరు పంపునకు ఎఱ్ఱరంగు వేయించి, ఫలితపు అంకెను దానిపైననే వ్రాయించవలెను. ఆ నీరు స్నానమునకు, బట్టలుతుకుటకు పనికివచ్చును. పశువుల తొట్టికి మాత్రము ఆ నీరు పట్టరాదు. గేదె పళ్లును ఎముకలును కూడ మన వాని వలెనే చెడును.