మచ్చిక

పాఠ్యాంశ ఉద్దేశం: మూగజీవుల శిక్షణలో భయం కంటె నమ్మకానికి గల విలువను విద్యార్థులకు తెలియజేయడం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు 2016 అక్టోబరు వరకు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో భాగములు. ఈ సీమ ప్రజలకు కోడెతో గల అనుబంధం మిక్కిలి గాఢమైనది. నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ క్షేత్రంలో భక్తులు ‘కోడె మొక్కు’ చెల్లించుకుంటారు. కోడెను పట్టుకొని ఆలయ ప్రదక్షిణం చేసి కట్టివేయడం ఇక్కడి ఆచారం. జనసమ్మర్దం నడుమ సన్నని తాడుకు లోబడి నడిచే ఆ కోడెను చూచినప్పుడు ఒక ప్రశ్న ఉదయిస్తుంది. మనిషికంటె ఎన్నో రెట్లు బలముగల ఆ జంతువు అతని వెంట ఎందుకు నడుస్తున్నది? దీనికి సమాధానం ‘మచ్చిక’ అనే చిన్న మాటలో ఉన్నది.

కోడె గాని, గుర్రం గాని స్వభావరీత్యా క్రూరమృగాల వేటకు గురి అయ్యే జంతువులు. వాటి కన్నులు తలకు ఇరుపక్కల అమరి ఉంటాయి. అందువలన అవి తమ చుట్టూ ఉన్న ప్రదేశాన్ని దాదాపు పూర్తిగా చూడగలవు. సరిగ్గా వెనుక భాగం, ముట్టె ముందరి కొద్దిపాటి చోటు మాత్రమే వాటికి కనిపించవు. అపాయమని తోచగానే పారిపోవడం వాటి మొదటి రక్షణోపాయం. పారిపోయే దారి లేనప్పుడే అవి తన్నడానికి, కుమ్మడానికి పూనుకుంటాయి. ప్రతి పశువుకు తన చుట్టూ ఒక కనబడని ఎల్ల ఉంటుంది. కొత్తవారు ఆ ఎల్లను దాటగానే అది బెదురుతుంది. అమెరికా జంతుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ ఈ ఎల్ల స్వభావాన్ని విశదంగా వివరించి, పశుపాలకులకు మార్గం చూపినది.

అనుభవజ్ఞుడైన రైతు కోడెకు రెండున్నర, మూడేళ్ల వయసు రాగానే శిక్షణ ఆరంభిస్తాడు. తొలినాడు అతడు తాడు పట్టడు. మేత వేసి, కోడె కంటికి కనబడేటట్లు పక్కగా నిలిచి, మెల్లగా పలుకరిస్తాడు. అది చెవులు రిక్కించి బెదురు చూపు చూడగానే ఒక అడుగు వెనుకకు వేస్తాడు. మరునాడు మరికొంత దగ్గరకు చేరుతాడు. కొన్నాళ్లకు మెడమీద చేయి వేసి, గంగడోలు నిమురుతాడు. అటుపిమ్మటనే తాడు పట్టి నడక నేర్పుతాడు. తాడును కొద్దిగా లాగి, కోడె ఒక్క అడుగు వేయగానే వెంటనే వదులు చేస్తాడు. ఇందులోనే శిక్షణ రహస్యమంతా ఉన్నది. లాగినప్పుడు కలిగిన ఒత్తిడి, అడుగు వేయగానే తొలగిపోయినదని కోడె గ్రహిస్తుంది. వదులు చేయడం ఆలస్యమైతే అది ఏమియు నేర్చుకొనదు.

తరువాత దానిని ఆరితేరిన ఎద్దుకు జతగా కాడి కడతారు. మొదట వట్టి కాడితో నడిపించి, ఆపై చిన్న మొద్దును లాగించి, చివరకు మెత్తని నేలలో నాగలి పూనుస్తారు. దాపట కట్టిన దానిని దాపటనే, వలపట కట్టిన దానిని వలపటనే అలవాటు చేస్తారు.

అయితే తొలకరి రైతు కోసం ఆగదు. వాన కురిసిన నాలుగు నాళ్లకే నేల పదును ఆరిపోతుంది. ఆ తొందరలో బెదిరిన కోడెను కొట్టి కాడి కిందకు తెచ్చినవాడు ఆ పూటకు గెలిచినట్లు కనబడవచ్చును. కాని పశువు భయాన్ని సులభంగా మరచిపోదు. చేయి ఎత్తినప్పుడల్లా అది అదరిపడుతుంది. చాలులో కాడి విడిపించుకొని పారుతుంది. ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణానికే ముప్పు తెస్తుంది. అట్టి కోడె అంగడిలో అగ్గువకు అమ్ముడుపోతుంది. రైతు పెట్టుబడి, కోడె బతుకు రెండూ నష్టపోతాయి. కనుకనే ముందుచూపుగల రైతు ఏరువాకకు ఎంతో ముందుగా, ఎండకాలంలోనే ఈ పని చేపడతాడు.

ఈ సూత్రం సముద్రాల ఆవల కూడా వర్తిస్తుంది. అమెరికా పశ్చిమ ప్రాంతాలలో ‘మస్టాంగ్’ అనే గుర్రాలు స్వేచ్ఛగా సంచరిస్తాయి. ఇవి స్పెయిన్ దేశీయులు 16వ శతాబ్దంలో తెచ్చిన గుర్రాల సంతతికి చెందినవి. యజమాని లేని పశువు అనే అర్థంగల స్పానిష్ పదం నుండి వాటికి ఆ పేరు వచ్చినది. వాటి రక్షణకై 1971లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసినది. మందలు పెరిగినప్పుడు కొన్నింటిని పట్టి, పెంచుకోగోరే పౌరులకు ఇస్తున్నది. పూర్వం అక్కడ గుర్రం అలసి సొలసే వరకు బలవంతంగా స్వారీ చేసి లొంగదీసేవారు. నేటి శిక్షకులలో అనేకులు దగ్గరకు వెళ్లి, బెదరకముందే వెనుదిరిగి, మెల్లమెల్లగా చేతి స్పర్శకు అలవాటు చేస్తున్నారు. మన రైతు కొట్టంలో జరిగేదీ ఇదే.

ట్రాక్టరు వచ్చిన పిదప కాడెద్దుల సంఖ్య తగ్గినది. అయినను మచ్చిక అవసరం తీరలేదు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. సూది వేయాలన్నా, గాయం కట్టాలన్నా పశువైద్యుడు మొదట పశువు చెంతకు చేరవలసినదే. తొలినాళ్లలో దాని పట్ల చూపిన ఓర్పు ఆనాడు మనిషికి, పశువుకు ఇద్దరికీ రక్షణ అవుతుంది.

ప్రశ్నలు
1. పశువు బెదరడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. తాడును సకాలంలో వదులు చేయడం వలన కోడె ఏమి గ్రహిస్తుంది?
3. తొందరపాటు వలన రైతుకు, కోడెకు కలిగే నష్టాలను తెలుపండి.